కొట్టంలో సైకిలు మళ్ళీ నడుస్తుందా?

పాత సైకిళ్ళు బాగుచేసుకునే అలవాటున్నవాళ్ళకు ఊళ్ళల్లో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. కొట్టంలో గడ్డికట్టల వెనక నుంచి ఒక బండిని బయటికి లాగుతారు. టైర్లు పేలికలై వేలాడుతుంటాయి. సీటు తోలు ఎండి అంచులు పైకి లేచి ఉంటాయి. చైను పట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుతుంది. పెడల్ మీద కాలేసి నొక్కితే కదలదు. అప్పుడు ఇంటాయన అడుగుతాడు: "ఇది మళ్ళ నడుస్తదా?"

చాలామటుకు నడుస్తుంది. ముప్పై నలభై ఏళ్ళు మూలన పడి ఉన్న మిక్సీ తిరగదు, టీవీ వెలగదు, మోటారుసైకిలు ఇంజను కూడా అంత సులువుగా లేవదు. సైకిలు మాత్రం లేస్తుంది. ఎందుకు లేస్తుందో చెప్పడమే ఈ అధ్యాయం పని.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇలాంటి బండ్లు ఇంకా దొరుకుతున్నాయంటే కారణం ఉంది. మొన్నమొన్నటిదాకా ఇక్కడి బతుకు సైకిలు మీదే సాగింది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనులకు షిఫ్టుకు పోయే సింగరేణి కార్మికులు, సిరిసిల్ల సాంచెల మీద పనికి పోయే నేతన్నలు, కాగజ్‌నగర్ పేపరు మిల్లు మనుషులు, లొట్లు కట్టుకుని తాళ్ళకు పోయే గౌండ్లాయనలు, పక్కూరి బడికి పోయే పంతుళ్ళు, అందరికీ అదే వాహనం. పెండ్లిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టేవారు. ఏటేటా పన్ను కట్టి బండికి బిల్ల వేయించుకునేవారు. తరవాత మోపెడ్లు వచ్చాయి, మోటారుసైకిళ్ళు వచ్చాయి. సైకిలు కొట్టంలోకి పోయింది. పైసా పైసా కూడబెట్టి కొన్నది కాబట్టి పాత ఇనుము వాడికి వేయబుద్ధి కాలేదు.

మా పెద్దబాపు బండీ అంతే. ఆయన బెల్లంపల్లిలో గనిపనికి పోయిన హెర్క్యులిస్. ఆయన రిటైరై ఊరికొచ్చాక కొన్నాళ్ళు తొక్కి, మోకాళ్ళు సహకరించక పక్కన పెట్టాడు. దాన్ని లేపడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. ఆ బండి చేతిలో పడ్డాకే, అంతకుముందు పుస్తకాల్లో చదివిన సంగతులు నాకు నిజంగా అర్థమయ్యాయి.

ముందు ఒక మాట. ఈ నల్ల సైకిలు రూపం ఎప్పటిదో తెలుసుకుంటే దాని మీద గౌరవం పెరుగుతుంది. 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ, చైనుతో వెనక చక్రం తిరిగే 'రోవర్' సైకిలు తయారుచేశాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాడు. ఆ తరవాత పది పదిహేనేళ్ళలో కుదురుకున్న రూపమే మన ఊళ్ళో తిరిగిన బండి. మొదట్లో రాలీ, హంబర్, రడ్జ్, బి.ఎస్.ఏ. బండ్లు ఓడల్లో వచ్చేవి. 1939లో బొంబాయిలో హింద్ సైకిల్స్, 1949లో మద్రాసు దగ్గర ఆంబత్తూరులో హెర్క్యులిస్ చేసే టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. బెంగాల్లోని అసన్‌సోల్‌లో సేన్-రాలీ ఉండేది. అందరూ దాదాపు ఒకే నమూనా పట్టుకున్నారు. అందుకే 1955 నాటి బండికి లూధియానాలో ఈమధ్య చేసిన ఇరుసు సరిపోతుంది. అన్ని మరలూ ఒకటి కావు, ఆ సంగతి తరవాత వస్తుంది.

పేరు చెరిగిపోయిన బండిని గుర్తుపట్టాలంటే పెడల్ దగ్గరి పళ్ళచక్రం చూడాలి. రాలీ బండ్ల పళ్ళచక్రంలో కొంగతలలు ఉంటాయి. రడ్జ్‌లో అరచెయ్యి ఉంటుంది. హంబర్‌లో చిన్నచిన్న మనుషుల బొమ్మలు, ముందు చక్రాన్ని పట్టుకునే చిమ్టాకు జంట గొట్టాలు ఉంటాయి. వెనక చక్రం నడుమ స్టర్మీ-ఆర్చర్ గేరు డబ్బా ఉన్న ఇంగ్లీషు బండయితే, మసి తుడిచి చూడండి. చాలావాటి మీద అది తయారైన ఏడాది అచ్చు గుద్ది కనిపిస్తుంది.

ఇనుము పుట్టింటి దారి

తుప్పు అంటే మురికి అనుకుంటాం. మురికి బయటి నుంచి వచ్చి అంటుకుంటుంది. తుప్పు అలా రాదు, ఇనుమే తుప్పుగా మారుతుంది.

ఉత్తర తెలంగాణ ఊళ్ళల్లో చేల గట్ల మీద, చెరువుల పక్కన నల్లగా, బరువుగా, బుడగలు బుడగలుగా ఉండే రాళ్ళు కనిపిస్తాయి. అవి చిట్టెపురాళ్ళు, వెనకటి ఇనుపకొలుముల్లో మిగిలిన మడ్డి. ఈ ప్రాంతమంతా వందల ఏళ్ళు ఇనుము కరిగించిన నేల. పక్కనే ఉన్న కోనసముద్రంలో చేసిన ఉక్కుముద్దల కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. ఆ కొలుముల్లో జరిగిన పనేమిటి? ఇనుపరాయిలో ఇనుమూ ప్రాణవాయువూ పెనవేసుకుని ఉంటాయి. బొగ్గుతో కలిపి కాలిస్తే బొగ్గు ఆ ప్రాణవాయువును లాక్కుపోతుంది, ఇనుము మిగులుతుంది. ఎంతో వేడి పెట్టి, బలవంతంగా విడదీసిన జంట అది. నీళ్ళు తగిలితే చాలు, ఇనుము మళ్ళీ ప్రాణవాయువుతో కలిసిపోతుంది. ఇనుపరాయి పుట్టిల్లయితే, తుప్పు పట్టడమంటే ఇనుము పుట్టింటి దారి పట్టడమే.

ఇందులో నీటిది పెండ్లిపెద్ద పాత్ర. ఇనుములో ఒకచోటి నుంచి కణాలు కరిగి నీళ్ళలోకి దిగుతాయి. పక్కన ఇంకోచోట గాలిలోని ప్రాణవాయువు ఆ నీళ్ళలో కలుస్తుంది. రెండింటి మధ్య సన్నటి విద్యుత్తు పారుతుంది. తడిసిన ఇనుపరేకు మీద కంటికి కనబడని బ్యాటరీలు వేలకొద్దీ పనిచేస్తుంటాయన్నమాట. నీళ్ళలో ఉప్పు ఉంటే ఆ విద్యుత్తు ఇంకా సులువుగా పారుతుంది. అందుకే పశువుల మూత్రం ఆవిర్లు, ఎరువుల సంచులు ఉన్న కొట్టంలో సైకిలు తొందరగా చెడుతుంది. అదే బండి పొడిగా ఉన్న అటక మీద ఉంటే ఇంకా చాలాకాలం ఆగేది.

తుప్పుకు రెండు చెడ్డగుణాలు ఉన్నాయి. మొదటిది, అది ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నానిన బియ్యంలా ఉబ్బుతుంది. సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోయి రాదంటే కారణం ఇదే, వానాకాలం తలుపు దర్వాజాలో పట్టేసినట్టు. రెండోది, అది పెచ్చులుగా ఊడుతుంది. అల్యూమినియం కూడా గాలితో కలుస్తుంది, కానీ దాని మీద ఏర్పడే పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాపలా కాయదు. పాతసున్నం గోడలా పెచ్చు రాలి, కింద కొత్త ఇనుమును మళ్ళీ గాలికి వదిలేస్తుంది.

కాబట్టి మొదటి పరీక్ష కంటితో చేసేది సరిపోదు. ఫ్రేము గొట్టాలను చిన్న స్పానరుతో తట్టుకుంటూ పోవాలి. మంచి గొట్టం ఖణ్‌మంటుంది. లోపల తుప్పు తినేసినచోట చప్పుడు పగిలిన కుండలా బొంగురుగా వస్తుంది. ముఖ్యంగా పెడళ్ళ దగ్గరి అడుగు భాగం చూడాలి, సీటు గొట్టంలోంచి దిగిన నీళ్ళన్నీ అక్కడే నిలుస్తాయి.

పైపైన పట్టిన తుప్పుకు మన వంటింట్లోనే మందుంది. ఇత్తడి బిందెలు తోమే చింతపండే. అందులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగించి తనలో పట్టి ఉంచుకుంటుంది. గుజ్జు పట్టించి కొన్ని గంటలు ఉంచి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, వంటసోడా నీళ్ళతో కడిగి, ఆ క్షణమే తుడిచి ఎండబెట్టి నూనె రాయాలి. కడిగి అన్నానికి పోయి వచ్చేలోపే మళ్ళీ సన్నటి నారింజ రంగు పొర పడుతుంది. తళతళలాడే క్రోమియం పూత ఉన్న హ్యాండిలుకు చింతపండు కూడా అక్కర్లేదు. పొట్లాలు చుట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండచుట్టి నీళ్ళలో ముంచి రుద్దితే చాలు. అల్యూమినియం క్రోమియం కన్నా చాలా మెత్తన, పూత మీద గీత పడదు, మచ్చలు మాత్రం పోతాయి. బాత్‌రూములు కడిగే యాసిడ్ జోలికి వెళ్ళవద్దు. దాని ఆవిరి సోకి గదిలో ఉన్న ఇనుమంతా మర్నాటికి ఎర్రబడుతుంది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, అందుకని ఉప్పుకాగితం ఎప్పుడూ తడిపే రుద్దాలి. ఆ దుమ్ము పీల్చకూడదు.

ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. అసలు రంగు సగమైనా మిగిలి ఉంటే దాన్ని గీకేయకండి. ఫ్యాక్టరీ కొలిమిలో కాల్చిన ఆ నల్ల ఎనామిలు, దాని మీద చేత్తో గీసిన సన్నటి బంగారు గీత పోతే మళ్ళీ రావు. తెల్లారేసరికి కొత్త పెయింటుతో మెరిసే బండి ఎంత ముద్దుగా ఉన్నా, అది తన ఒంటి మీది చరిత్రంతా పోగొట్టుకున్న బండి. మైనం రాసి వదిలేస్తే ఆ పాతనలుపులోనే ఒక లోతు కనిపిస్తుంది.

ఎడమ పెడల్ ఎదురు తిరుగుతుంది

విప్పడం మొదలుపెట్టాక అందరికీ మొదటి దెబ్బ తగిలేది ఎడమ పెడల్ దగ్గరే. కుడి పెడల్ అన్ని మరల్లాగే ఎడమకు తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడల్‌ను అలా తిప్పితే ఇంకా బిగుస్తుంది. దాని మరలు ఎదురుమరలు. నేను మొదటిసారి ఆ సంగతి తెలియక, పొడుగాటి పైపు తగిలించి మరీ తిప్పి, మరలు చిదిపేశాను. మంచి పాత పెడల్ ఒకటి ఆ రోజు నా చేతుల్లో పోయింది.

ఎందుకీ తిరకాసు? ఒక పెన్సిలు తీసుకుని పిడికిట్లో వదులుగా పట్టుకోండి. బయటికి వచ్చిన కొసను ఇంకో చేత్తో కుడివైపుగా గుండ్రంగా తిప్పండి. పిడికిలి లోపల పెన్సిలు గోడకు ఆనుకుని దొర్లుతూ, మెల్లగా ఎడమవైపుకు తిరుగుతుంది. పెడల్ ఇరుసు కూడా తాను బిగిసిన రంధ్రంలో వెంట్రుకవాసి కదలికతో ఇలాగే దొర్లుతుంది. మన కాలి బరువు దాన్ని ఒకసారి ఈ గోడకు, ఒకసారి ఆ గోడకు నొక్కుతూ చుట్టూ తిప్పుతుంది. ఎంత బిగించినా, వేలసార్లు తొక్కేసరికి ఆ చిన్న దొర్లుడు పెద్దదవుతుంది. కుడివైపు దొర్లుడు మామూలు మరను బిగిస్తుంది. ఎడమవైపు అది విప్పేస్తుంది. అందుకే అక్కడ ఎదురుమర పెట్టి, విప్పే బలమే బిగించేట్టు చేశారు.

గుర్తుంచుకోవడానికి సులువైన దారి ఒకటుంది. స్పానరు పిడిని పైకి నిలబెట్టి పట్టుకోండి. ఏ పెడల్ అయినా సరే, పిడిని వెనక చక్రం వైపు వాలిస్తే ఊడుతుంది.

పెడల్ కాడను ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను ఇంకో మొండిఘటం. అది ఏటవాలుగా చెక్కిన ఉక్కుమేకు, గొడ్డలి కామకు కొట్టిన సీలలాంటిది. తుప్పుతో ఉబ్బి పట్టేస్తే సుత్తితో బాదాలనిపిస్తుంది. బాదితే ఆ దెబ్బంతా లోపలి గుండ్ల మీద పడి అవి కూర్చునే గిన్నెలు గుంటలు పడతాయి. ముందురోజు రాత్రి నాలుగు చుక్కలు కిరోసిన్ వేసి ఉంచాలి. కిరోసిన్ నీటికన్నా సులువుగా సందుల్లోకి పాకుతుంది. దీపంలో వత్తి నూనెను పైకి పీల్చుకునే బలమే ఇక్కడా పనిచేస్తుంది. సందు ఎంత సన్నగా ఉంటే ద్రవం అంత లోతుకు ఎక్కుతుంది. మర్నాడు కాడ కింద బలమైన ఇనుపగొట్టం దన్నుగా పెట్టి ఒక్క గట్టిదెబ్బ వేస్తే చాలు. పది మెత్తటి దెబ్బలు వేస్తే పిన్ను మొహం పువ్వులా విచ్చుకుని ఇక రమ్మన్నా రాదు.

మరల సంగతి చెబుతానన్నాను. చాలామంది తయారీదారులు పెడళ్ళ దగ్గరి గిన్నెకు అంగుళానికి 24 మరలు వేస్తే, రాలీ తన బండ్లకు 26 వేసింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. బలవంతాన ఎక్కిస్తే రెండు చుట్లు ఎక్కుతుంది, మూడో చుట్టుకు ఫ్రేము మరలు తెగుతాయి. వేళ్ళతో తిప్పినంతవరకు సాఫీగా ఎక్కకపోతే ఆగిపోవాలి.

జొన్నల మీద జారిన కాలు

అన్నీ విప్పాక ఒక గిన్నెలో కిరోసిన్ పోసి గుండ్లు అందులో వేస్తాం. మెకానిక్కులు కొందరు ఛర్రలంటారు, కొందరు బాల్సంటారు. ముందు చక్రానికి పక్కకు 10 చొప్పున, అంగుళంలో పదహారో వంతుకు మూడింతల మందం ఉన్నవి. వెనక చక్రానికి పక్కకు 9, పెడళ్ళ దగ్గర పక్కకు 11, అవి పావు అంగుళంవి. హ్యాండిలు తిరిగేచోట ఇంకా చిన్నవి. సైకిలు మొత్తం ఈ కాసిని గుండ్ల మీదే నడుస్తుంది.

కళ్ళంలో గచ్చు మీద జొన్నలు ఒలికినప్పుడు నడిచారా? కాలు సర్రున జారుతుంది. అంతకుముందు అదే గచ్చు మీద గట్టిగా నిలబడ్డ కాలే. తేడా ఎక్కడ వచ్చింది? నేలమీద అరికాలు రాపాడాలంటే రెండు గరుకులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మధ్యలో గింజలు ఉంటే రాపిడి లేదు, దొర్లుడే. దొర్లడానికి కావలసిన బలం రాపాడడానికి కావలసిన దానిలో ఎన్నో వంతు కూడా ఉండదు. ఇరుసుకూ చక్రానికీ మధ్య ఉక్కుజొన్నలు పోశారనుకోండి, అదే సైకిలు రహస్యం.

వెనకటి ఎడ్లబండికి ఈ జొన్నలు లేవు. అక్కడ ఇరుసు మీద చక్రం రాపాడుతూనే తిరిగేది. అందుకే ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపి కందెన వేసేవారు. ఆ కందెన అనే మాట ఎంత మంచిదో! గ్రీసుకు మనకో తెలుగు మాట కావాలా అని వెతుక్కోనక్కర్లేదు, రైతులు ఏనాడో ఇచ్చారు. గుండ్లకు కూడా కందెన కావాలి. అవి దొర్లుతున్నా ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, పైగా కందెన నీళ్ళను లోపలికి రానివ్వదు. ముప్పై ఏళ్ళ కందెన ఎండి మైనంలా గట్టిపడి ఉంటుంది. బండి కదలకపోవడానికి సగం కారణం అదే. కిరోసిన్‌లో నానితే కరిగిపోతుంది. పెద్దబాపు బండి ముందు చక్రం ఆ ఒక్కపనితోనే తిరిగింది.

ఇక ఈ అధ్యాయం మొదట్లో వేసిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. గుండును వెలుతుర్లో పట్టి చూడండి. అద్దంలా మొహం కనిపిస్తే మంచిదే. పొక్కులు, మసక గీతలు ఉంటే పారేయాలి. కొత్తది కొన్నా ఖరీదు స్వల్పం. గుండ్లు కూర్చునే కోను అరిగినా దాన్ని విడిగా మార్చవచ్చు. గిన్నెనూ మార్చవచ్చు. చైను, బ్రేకురబ్బరు, వాల్‌ట్యూబు, అన్నీ అంతే. అరిగేదంతా చౌకవస్తువుల్లోనే అరిగేట్టు, ఖరీదైన ఫ్రేము, చక్రం నడిమి డబ్బా ఎప్పటికీ అరగనట్టు ఏర్పాటు చేశారు. ఈ బండిని చేసినవాళ్ళు అది అరుగుతుందని ముందే ఒప్పుకుని, ఎక్కడ అరగాలో వాళ్ళే చోటు నిర్ణయించారు. ఈనాటి వస్తువులు చాలావాటిని విప్పడానికే వీలుండదు. ఎక్కడో ఒక చిన్న ముక్క పోతే మొత్తం పోయినట్టే. సైకిలును విప్పడానికి రెండు మూడు స్పానర్లు, ఒక సుత్తి ఉంటే చాలు.

మన మెకానిక్కులు ఈ మొత్తం పనిని 'ఓవరాయిలింగ్' అంటారు. ఓవర్‌హాలింగ్ అనే మాట మన నోట్లో పడి అలా మారింది. మాట మారినా అర్థం పాడుకాలేదు, ఆయిలే కదా అందులో సగం పని.

గుండ్లు అమర్చాక కోను బిగించడంలోనే చెయ్యితిరగడం తెలుస్తుంది. ఎక్కువ బిగిస్తే గుండ్లు నలిగి గిన్నెలో గుంటలు పెడతాయి. వదిలేస్తే చక్రం అటూఇటూ ఊగుతుంది. చక్రాన్ని పైకెత్తి వదిలితే గాలి పోసే నోజులు బరువుకు అది తనంతట తాను తిరిగి, ఆ నోజులు అడుగుకు వచ్చి, కాస్త ఊగి ఆగాలి. అంత తేలిగ్గా తిరగాలి, రిమ్మును పట్టి పక్కకు ఊపితే మాత్రం కదలకూడదు.

నులకమంచం లాంటి చక్రం

బండిచక్రానికి లావాటి ఆకులు ఉంటాయి. బరువు కింది ఆకు మీద పడి, అది స్తంభంలా నిలబడి మోస్తుంది. సైకిలు పుల్లను చూడండి. రెండు మిల్లీమీటర్ల తీగ. దాన్ని నేలమీద నిలబెట్టి వేలితో నొక్కితే వంగిపోతుంది. అలాంటి పుల్లలు మనిషినీ, వెనక క్యారియర్ మీద ఇంకో మనిషినీ, ముందు కడ్డీ మీద పిల్లవాణ్ణీ ఎలా మోస్తున్నాయి?

నులకమంచాన్ని తలుచుకోండి. నులకకు నిలబడే బలం లేదు, లాగితే తెగని బలం మాత్రం ఉంది. బిగించి అల్లినందువల్లే మంచం మనల్ని మోస్తుంది. నులక వదులైతే అదే మంచం ఉయ్యాల అవుతుంది. సైకిలు చక్రం గుండ్రటి నులకమంచం. ప్రతి పుల్లనూ ముందే బిగించి లాగి ఉంచుతారు. బరువు పడినప్పుడు కిందివైపు పుల్లల లాగుడు కాస్త తగ్గుతుంది, అంతే. ఆ తగ్గడం పూర్తిగా సున్నా అయ్యేంతవరకు పోనంతకాలం చక్రం గట్టిగా ఉంటుంది. మన నల్లసైకిళ్ళకు ముందు 32, వెనక 40 పుల్లలు. వెనక బరువెక్కువ కాబట్టి అక్కడ పుల్లలు ఎక్కువ.

పుల్లలన్నీ సమానంగా బిగిశాయో లేదో చెవితోనే తెలుస్తుంది. డప్పు కొట్టేవాళ్ళు మొదలుపెట్టేముందు మంట వేసి డప్పును కాపుతారు. వేడికి తోలులోని చెమ్మ పోయి, తోలు బిగుసుకుని, శబ్దం పైకి లేస్తుంది. బిగింపు పెరిగితే స్వరం పెరుగుతుంది. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల సందుల్లో నాకు పరిచయమైన ఒక పాత మెకానిక్ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, గోటితో ఒక్కో పుల్లను మీటుకుంటూ పోయేవాడు. ఒకచోట ఆగి, "గిది ఏడుస్తలేదు" అనేవాడు. ఆ పుల్లను రిమ్ముకు బిగించే నిపిలును పావుచుట్టు తిప్పేవాడు, మళ్ళీ మీటేవాడు. తరవాత సుద్దముక్కను రిమ్ము పక్కన కదలకుండా పట్టి చక్రం తిప్పేవాడు. వంకర ఉన్నచోట సుద్ద గీత పడుతుంది. గీత పడినవైపు పుల్లను వదిలి, ఎదుటివైపు దాన్ని బిగిస్తే రిమ్ము అటు జరుగుతుంది. బెండు తీయడం అంటే ఇంతే. కానీ ఒక్కపుల్లను కదిపితే పక్కవాటి బిగింపు మారుతుంది, అది మళ్ళీ ఇంకోచోట వంకర తెస్తుంది. పావుచుట్టుకు మించి తిప్పకపోవడం నేర్చుకోవడానికి నాకు రెండు రిమ్ములు పట్టాయి.

తోలు సీటు కూడా ఇదే కుటుంబం. ముందూ వెనకా రెండు ఇనుపకొసల మధ్య సాగదీసి కట్టిన తోలు అది. కిర్రుచెప్పులకు రాసినట్టు దానికి ఆముదం దిట్టంగా పట్టిస్తే తోలు మెత్తబడుతుంది, మెత్తబడితే సాగుతుంది, సాగితే వదులైన నులకలా జారుతుంది. రెండు చుక్కలు చాలు, అదీ అడుగువైపు.

వెండితీగ, ఇత్తడి అతుకు

ఫ్రేము గొట్టాలు కలిసే కీళ్ళ దగ్గర చూస్తే ఒక అంచు కనిపిస్తుంది, గొట్టం మీద తొడుగు తొడిగినట్టు. గొట్టాన్ని ఆ తొడుగులో దూర్చి ఇత్తడితో అతికిస్తారు. ఇది వెల్డింగ్ వంటిది కాదు. వెల్డింగ్‌లో రెండు ఇనుపముక్కలనూ కరిగించి ఒకటి చేస్తారు. ఇనుము కరగడానికి దాదాపు 1,500 డిగ్రీల వేడి కావాలి. ఇత్తడి 900 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కాబట్టి ఇనుము కరక్కుండానే కరిగిన ఇత్తడి గొట్టానికీ తొడుగుకూ మధ్య ఉన్న వెంట్రుకమందం సందులోకి పాకుతుంది. వత్తి నూనెను పీల్చినట్టే. మళ్ళీ అదే బలం.

ఈ పని కరీంనగర్‌కు కొత్తది కాదు. ఇక్కడి వెండితీగ నగిషీకి 2007లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. వెంట్రుకల్లా సన్నటి వెండితీగలను చుట్టి, పువ్వులూ ఆకులుగా అమర్చి, వాటికన్నా తక్కువ వేడికి కరిగే అతుకుపొడి చల్లి, వెలిగారం వేసి ఊదుతారు. తీగ కరగదు, అతుకు కరిగి సందుల్లోకి పారుతుంది. వెలిగారం లోహం మీది పొరను తొలగించి, కరిగిన అతుకుకు దారి చేస్తుంది. సైకిలు ఫ్రేముకూ వెలిగారమే. ఆదిలాబాద్ వైపు ఉషెగాఁవ్‌లో ఓజలు మైనపుబొమ్మ చుట్టూ మట్టి పెట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. 2018లో ఆ డోక్రా పనికి కూడా గుర్తింపు వచ్చింది. ఇత్తడి ఎప్పుడు పారుతుందో, ఎప్పుడు గడ్డకడుతుందో మంట రంగు చూసి చెప్పగలవాళ్ళు ఈ నేలమీద ఉన్నారు. విరిగిన ఫ్రేమును అతికించమని అడగాల్సింది అలాంటి చెయ్యి ఉన్నవాళ్ళను.

నేను ఆ మాట ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒక పాత బండి కింది గొట్టం తొడుగు దగ్గర చీలితే, పక్కనున్న వెల్డింగ్ షాపులో ఇచ్చాను. సన్నటి గొట్టం మీద కరెంటు వెల్డింగ్ వేడి పడి అతుకు పక్కనే ఇనుము పెళుసైంది. అతుకు నిలిచింది కానీ, నెల తిరక్కముందే దాని పక్కన గొట్టం విరిగింది. ఇంకా ఆ ఫ్రేము నా దగ్గరే ఉంది.

ఎంతవరకు మార్చవచ్చు?

బాగుచేయడం ఒక ముచ్చట, మనకు తగ్గట్టు మార్చుకోవడం ఇంకో ముచ్చట. పనివాళ్ళు ఎప్పుడూ మార్చుకుంటూనే ఉన్నారు. లొట్ల కోసం క్యారియర్‌కు పక్కన కొక్కేలు వేయించారు. పాలక్యాన్ల కోసం ఫ్రేముకు రెండో కడ్డీ పెట్టించారు. కత్తులు సానపట్టేవాళ్ళు స్టాండు వేసి, సీటు మీద కూర్చుని తొక్కితే వెనకచక్రం ద్వారా సానరాయి తిరిగేట్టు చేసుకున్నారు. హైదరాబాదులో కన్యబోయిన సుధాకర్ ఈ సరదాను ఎక్కడిదాకా తీసుకుపోయాడంటే, 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడుచక్రాల సైకిలు కట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. బహదూర్‌పురాలో ఆయన పెట్టిన సుధా కార్స్ మ్యూజియంలో వింత ఆకారాల బండ్లు చూడవచ్చు. పాతవాటిని పాతవాటిలాగే చూడాలంటే పుణెలో విక్రం పెండ్సే సైకిల్ మ్యూజియం ఉంది.

అన్ని మార్పుల్లోకీ అతి ఉపయోగకరమైనది, అతి చౌకైనది, వెనక పళ్ళచక్రం, అంటే ఫ్రీవీలు మార్చడం. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న బండి ఒక చుట్టు తొక్కితే దాదాపు 5.4 మీటర్లు పోతుంది. బల్లపరుపు రోడ్డు మీద అది హాయి. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కాలంటే మాత్రం దిగి నెట్టాల్సిందే. వెనక 22 పళ్ళది వేస్తే ఒక చుట్టుకు నాలుగున్నర మీటర్లే పోతుంది, కానీ అంత మేర కాలికి భారం తగ్గుతుంది. ఎత్తైన కొండకు నిటారు మెట్లకన్నా వాలుగా వేసిన దారి సులువు కదా. నడక పెరుగుతుంది, ఆయాసం తగ్గుతుంది. ఇక్కడ పళ్ళు చేసే పని కూడా అదే. పాత ఫ్రీవీలును డబ్బాలో దాచిపెడితే ఎప్పుడంటే అప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు.

నేను పెట్టుకున్న కట్టుబాటు కూడా అదే. విప్పి వెనక్కి తీసుకోగల మార్పయితే చేస్తాను. కోయాల్సినవి, రంధ్రం వేయాల్సినవి, కరిగించాల్సినవి అయితే ముట్టుకోను. పాత హంబర్ మడ్‌గార్డుకు ఎల్.ఈ.డీ. దీపం కోసం డ్రిల్లు పెట్టినవాళ్ళను చూశాను. ఆ రేకు ఇక దొరకదు.

పెద్దబాపు బండికి నేను చేసిన మార్పు ఫ్రీవీలు ఒక్కటే. వెనక మడ్‌గార్డుకు ఒక సొట్ట ఉంటే తీయలేదు. అది గని గేటు దగ్గర ఇంకో బండి తగిలి పడిందని ఆయనే చెప్పాడు. బండి తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టాను. ఆయన పేరు చదవలేదు, రంగు చూడలేదు. ముందు బొటనవేలితో టైరు నొక్కాడు. సీటు పట్టుకుని వెనక చక్రం పైకెత్తి, పెడల్ ఒక్కసారి తిప్పి వదిలాడు. ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటుంటే తల వంచి వింటూ నిలబడ్డాడు. తరవాత ముందు చక్రం కూడా ఎత్తి తిప్పాడు.

"ఎడమ దిక్కు కోను జెర్ర గట్టిగున్నది బిడ్డా," అన్నాడు. "పావుచుట్టు వదులు."

నేను స్పానరు తేవడానికి లోపలికి పోయాను.